ఖాళీ స్టేజీకి చప్పట్లు

పోయిన శనివారం మా ఫార్మింగ్టన్ హిల్స్ లైబ్రరీ ముందు గడ్డి మీద పాత సామాన్లు అమ్మకానికి పెట్టారు. బడులు వదిలించుకున్న గ్లోబులు, కాలు ఊగే కుర్చీలు, అక్షరాలు అరిగిన టైపు మిషన్లు. వాటి మధ్య ఒక సినిమా ప్రొజెక్టరు. అమ్మే పెద్దాయన అది పనిచేస్తుందని చూపించడానికి వైరు తగిలించి మీట తిప్పాడు. లెన్సులోంచి వెలుగు వచ్చిందో లేదో, నా కుడిచెయ్యి దానంతట అదే లేచి, అయిదు వేళ్ళూ చాపుకుని, లెన్సుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

పెద్దాయన కంగారుపడ్డాడు. నా పక్కనున్న మా చెల్లెలి కూతురు మాత్రం నవ్వు ఆపుకోలేక గడ్డి మీద కూలబడింది.

"పెద్దమ్మా, హ్యాండ్ తీయి! అమ్మాయిలు లేరు అక్కడ!"

ఆ అమ్మాయిలు ఎవరో, నా చెయ్యి ఎందుకు లేచిందో చెప్పాలంటే మాస్టారి గురించి చెప్పాలి. ఆయన పోయి రెండేళ్ళయింది.

మాస్టారు అని మేం పిలిచేవాళ్ళం గానీ ఆయన బడిపంతులు కాదు. కార్ల కంపెనీలో తలుపుల హ్యాండిళ్ళకు నమూనా బొమ్మలు గీసే ఉద్యోగం. "ఈ ఊళ్ళో ఎవరు కారెక్కినా ముందు నా చెయ్యి పట్టుకున్నట్టే" అనేవారు. శనివారం మధ్యాహ్నాలు మా తెలుగు చర్చి పిల్లలకు అక్షరాలు నేర్పేవారు గనక మాకు మాస్టారయ్యారు. మాకు సొంత చర్చి లేదు. అమెరికన్లు తమ చర్చి కింద బేస్‌మెంటు వాడుకోమన్నారు. ఆరాధన అక్కడే, బడి అక్కడే, ఒక మూల వంటగది.

డెబ్భైల చివర మా చెల్లెలూ మరిదీ ఇద్దరూ ఆసుపత్రి ఉద్యోగాల్లో తీరిక లేక, పిల్లను చూసుకోమని నన్ను పిలిపించుకున్నారు. శనివారాలు పిల్లను తెలుగు బడిలో దింపి, దాని కోటు ఒళ్ళో పెట్టుకుని, వెనక గోడవారగా కూర్చునేదాన్ని. రెండో వారం మాస్టారు ఒక పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"చెల్లెమ్మా, ఊరికే కూర్చుంటే చలేస్తుంది. ఇది పట్టుకోండి."

"నాకు చదువు రాదండీ."

"వీళ్ళకు మాత్రం వచ్చా ఏంటి? వీళ్ళకు ఆరేళ్ళు. మీకు?"

"నలభై ఎనిమిది."

"అయితే వీళ్ళకున్నంత తీరిక మీకుండదు. గబగబా నేర్చేసుకోండి."

అలా ఏడుగురు పిల్లల పక్కన, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో కూర్చుని నేను అఆలు దిద్దాను. చలికాలంలో బడి విడిచి బయటికి వస్తే కార్ల అద్దాల మీద మంచు పేరుకుని ఉండేది. మాస్టారు చేతితొడుగు వేలితో ఆ మంచులో ఒక అక్షరం రాసి, "చదివినవాళ్ళ అద్దమే తుడుస్తా" అనేవారు. మమ్మల్ని తీసుకెళ్ళడానికొచ్చిన మా మరిది ఒకసారి 'ఱ' దగ్గర ఇరుక్కుపోయి ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళాడు.

ఎవరైనా అక్షరం సరిగ్గా రాస్తే మాస్టారు చప్పట్లు కొట్టేవారు. అలాంటి చప్పట్లు నేను ఇంకెక్కడా చూడలేదు. ఎడమచెయ్యి పళ్ళెంలా పొట్ట దగ్గర ఆనించి, కుడిచెయ్యి పైనించి దాని మీద వేసి, తల ఎడమవైపుకి వాల్చి, నోరు కాస్త తెరిచి, చూపు ఎక్కడో గోడ పైభాగాన పెట్టి కొట్టేవారు. నేను మొదటిసారి 'అ' రాసినప్పుడు అలాగే కొట్టారు. పులిహోర బాగా కుదిరితే గిన్నె ముందు నిలబడి అలాగే కొట్టారు. పాస్టర్‌గారు ఒకసారి ప్రసంగం అరగంటలోనే ముగిస్తే అప్పుడూ అలాగే కొట్టారు. ఆ ఒక్కదానికే పాస్టర్‌గారు నొచ్చుకున్నారు.

ఆ చప్పట్లు ఆయనకు లండన్‌లో సినిమావాళ్ళు నేర్పారు.

పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తలో మాస్టారు మిషనరీల సాయంతో అక్కడ చదువుకుంటున్నారు. బొగ్గు దొరకక గదులు మంచుగడ్డల్లా ఉండేవట. ఒకరోజు కాలేజీ గోడ మీద కాగితం కనపడింది. సినిమాలో జనంగా కూర్చోవడానికి మనుషులు కావాలి, లోపల వెచ్చగా ఉంటుంది, టీ ఇస్తాం అని. మాస్టారు వెచ్చదనం కోసం వెళ్ళారు.

"గొప్ప సినిమా ఏం కాదు చెల్లెమ్మా" అని నాకు చెప్పారు. "మూతపడబోయే ఒక నాటకాల హాలు. దాన్ని నిలబెట్టాలని ఒకావిడ వచ్చి పాట పాడుతుంది, ఒకాయన రంపం మీద సంగీతం వాయిస్తాడు, ఇంకొకాయన కుక్క చేత లెక్కలు చెప్పిస్తాడు. కథ అంతే. కంపెనీవాళ్ళ దగ్గర డబ్బుల్లేవు. పాటలావిడ వెనకా అదే తెర, కుక్క వెనకా అదే తెర."

జనం కూడా ఒకటే. ముప్ఫైమందిని కూర్చోబెట్టి ఒక్కసారి చప్పట్లు ఫిల్ము పట్టి, ఆ ముక్కనే సినిమాలో మూడుచోట్ల అతికించుకున్నారు. పాట తరవాత ఒకసారి, కుక్క తరవాత ఒకసారి, చిట్టచివర అన్నీ ముగిశాక ఒకసారి. ముందువరసలో గొప్పవాడొకడు కూర్చుంటే హాలుకు పరువుగా ఉంటుందని మాస్టారి తలకు కిటికీ కర్టెను చుట్టి మహారాజును చేశారు. బాపట్ల దగ్గర ఒక పాస్టరుగారి అబ్బాయి తలపాగా కట్టడం అదే మొదలు, అదే ఆఖరు. వెనకవాళ్ళ మొహాలు కనపడాలి గనక చేతులు కిందికి పెట్టి కొట్టమన్నాడట మెగాఫోను పట్టుకున్న మనిషి. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా సాధన చేయించి అప్పుడు తీశారు. అంతసేపూ ఎదురుగా స్టేజీ మీద ఎవరూ లేరు. పాటలావిడనీ కుక్కనీ వేరే రోజు తీశారు.

"ఖాళీ స్టేజీకి కొట్టాను చప్పట్లు. దేనికి కొట్టానో తెలియడానికి పాతికేళ్ళు పట్టింది" అనేవారు.

ఎందుకంటే ఆ సినిమా ఆయన లండన్‌లో చూడలేదు. పాస్టరుగారి అబ్బాయి సినిమా హాలుకి ఎలా వెళ్తాడు? ఇక్కడ ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తే, పప్పన్నం కలిపిన చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా చూశారట. తరవాత పాత ఫిల్ములు అమ్మేవాళ్ళకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆ రీళ్ళు తెప్పించుకున్నారు. ఒక బడివాళ్ళు పారేస్తున్న ప్రొజెక్టరు సంపాదించారు. ఇంట్లోకి గిన్నెలు కడిగే మిషను కొంటానన్న మాట ఆ ఏడు వెనక్కి పోయింది.

గిన్నెలు కడుగుతూ ఉండిపోయినావిడ మాస్టారి భార్య. నాకు వదినగారు. ఆవిడ తండ్రి ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. మా వైపు చాలా క్రైస్తవ ఇళ్ళలో సినిమాకు వెళ్ళడం పాపమే. చీకటి హాల్లో ఎప్పుడూ కూర్చోనని పెళ్ళికి ముందు ఆవిడ చేత ఆ తండ్రి మాట తీసుకున్నారు. ఆవిడ ఆ మాట తప్పలేదు. టీవీ మాత్రం సోఫాలో కాళ్ళు ముడుచుకుని శుభ్రంగా చూసేవారు.

"మరి అదీ బొమ్మలే కదా వదినగారూ?"

"పాపం బొమ్మలో ఉండదు అమ్మాయ్. చీకట్లో ఉంటుంది. టీవీ లైటు వేసుకుని చూస్తాం."

"మరి మాస్టారు ఏకంగా సినిమాలో వేషమే వేశారు?"

"పెళ్ళికి ముందు సంగతి. అప్పటికి ఆయనెవరో నాకు తెలీదు."

ఏడాదికి మూడు నాలుగు శనివారాలు బడి అయ్యాక మాస్టారు ఆ సినిమా వేసేవారు. బేస్‌మెంటు కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్ళం. పాస్టర్‌గారు ప్రార్థన చేసేవారు. పిల్లలు అసలైన ఇంగ్లీషు వింటారని చెప్పి ఆయన్ను ఒప్పించారు మాస్టారు. మిషిగన్‌లో పుట్టిన పిల్లలకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "అంకుల్, వీళ్ళు తెలుగు మాట్లాడుతున్నారా?" అని మా పిల్ల అడిగింది.

సినిమా మధ్యలో పన్నెండుమంది అమ్మాయిలు పొట్టి గౌన్లు వేసుకుని వరసగా కాళ్ళెగరేసే ఆట ఒకటుంది. అది రాబోతుందనగా మాస్టారు గొంతు సవరించుకుని, "ఇప్పుడు కొందరు ఆడపిల్లలు వ్యాయామం చేస్తారు. అది మనకు అనవసరం" అని లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టేవారు. తెర మీద ఏనుగంత అరచెయ్యి. వేళ్ళ సందుల్లోంచి కాళ్ళు లేస్తూ దిగుతూ ఉండేవి. "హ్యాండ్! అంకుల్, హ్యాండ్!" అని పిల్లలు గోల. ఆ ఆట పొడుగు. దీపం వేడికి చెయ్యి చురుక్కుమంటే మాస్టారు మెల్లిగా, "చెల్లెమ్మా, కాస్త మీ చెయ్యి" అనేవారు. మిగతా సగం నేను కాసేదాన్ని. లైబ్రరీ ముందు లేచిన చెయ్యి అదే.

ఇంత జరుగుతున్నా వదినగారు వంటగదిలో మాకు వీపు పెట్టి పునుగులు వేస్తూ ఉండేవారు. మొదలుపెట్టే ముందు మాస్టారు ఆ గుమ్మం దాకా వెళ్ళి, "ఇవాళైనా వస్తావా?" అని అడగడం, ఆవిడ జల్లిగరిటెతోనే కాదనడం ప్రతిసారీ ఉండేదే. ముగిసే వేళకు లోపల్నించి కేక వినపడేది.

"అయిపోయిందా మీ పాపం? టీ చల్లారిపోతోంది!"

నేను మొదటిసారి చూసినరోజు, లైటు వేశాక మాస్టారు ఒక్కొక్కరినీ అడిగారు. "చూశారా నన్ను?" చూశాం, చూశాం అన్నారందరూ. నన్నూ అడిగారు.

"లేదండీ. ఇట్టే పోయింది" అన్నాను.

నిజమే చెప్పాను. ఆ ముక్క మూడు సెకన్లు ఉంటుంది. ముప్ఫై మొహాలు. ఆయన్ను పట్టుకునేలోగా కుక్క వచ్చేస్తుంది.

మాస్టారు నా వైపు తిరిగారు. "మీరొక్కరే నిజం చెప్పారు చెల్లెమ్మా. వీళ్ళు ఇన్నేళ్ళుగా మర్యాదకి చూశామంటున్నారు" అన్నారు.

తరవాతి ఆటకు, పాట అయి చప్పట్లు రాగానే, నా కోసం మీట తిప్పి ప్రొజెక్టరు ఆపారు. బొమ్మ నిలబడిపోయింది. ముందువరస మధ్యలో మాస్టారు, కుర్రవాడు, తల మీద పూలపూల కర్టెను. "అదిగో చెల్లెమ్మా, ఆ..." అని ఆయన వేలు చాపేలోగా తలపాగా నడుమ గోధుమరంగు చుక్క పుట్టింది. పెనం మీద అట్టులా బుడగలు వచ్చాయి. చుక్క పెరిగి పెరిగి మహారాజును మింగేసింది. తెరంతా తెల్లబడి కాలిన వాసన వచ్చింది. పిల్లలు కుర్చీలెక్కి కేరింతలు కొట్టారు. ఆ సినిమాలో వాళ్ళకు నచ్చినది అదొక్కటే.

పాత ప్రొజెక్టరు. ఫిల్ము పరిగెత్తుతున్నంతసేపే క్షేమం, ఆగితే దీపం వేడికి కాలిపోతుంది. మాస్టారు కాలినచోట అటూ ఇటూ కొంత కత్తిరించి, కొసలు టేపుతో అతికించి, "ఇక ఆపను" అన్నారు.

తరవాతి ఆటకు పాస్టర్‌గారి అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. "ఏరీ బాబూ? నాకు కనపడలేదే!" అన్నారావిడ. ఆ మాట సరిగ్గా కుక్క చప్పట్లు రాబోతుండగా మాస్టారి చెవిన పడింది. ఆపారు. కాలింది.

ఆపకపోతే ఆయన ఎవరికీ కనపడరు. ఆపితే కాలిపోతారు. ప్రతిసారీ ఆపననే మొదలుపెట్టేవారు. ఆ చోటు రాగానే ఎవరో ఒకరు "ఏరీ?" అనేవారు, ఆయన చెయ్యి మీట మీదికి వెళ్ళేది. నాలుగైదేళ్ళలో పాట తరవాతి చప్పట్లు పూర్తిగా పోయాయి. పాటలావిడ వంగి దణ్ణం పెట్టగానే నేరుగా కుక్క మొహం వచ్చేది. కొన్నాళ్ళకు కుక్క తరవాతివీ పోయాయి. చిట్టచివరివి మాత్రం మిగిలాయి.

ఇదంతా నా "లేదండీ"తో మొదలైంది గనక నాకు మనసులో పీకుతూనే ఉండేది. ఒక శనివారం మాస్టారు ఆ రీలు చుడుతూ అన్నారు, "ఊళ్ళోవాళ్ళందరూ చూశారు చెల్లెమ్మా. ఇంట్లో మనిషి చూడలేదు. మిగిలినవి కూడా ఆపుకుంటూ పోయానంటే చూడ్డానికి ఏమీ ఉండదు."

నేను తిన్నగా వంటగదిలోకి వెళ్ళాను.

"వదినగారూ, లైటు వేసే ఉంచితే చూస్తారా?"

ఆవిడ పిండి చేత్తోనే ఆలోచించారు. "లైటు వేసి ఉంటే మా నాన్నకిచ్చిన మాట పోదుగా."

"పోదు."

"అయితే వస్తా. కానీ వెనక కూర్చుంటా."

తరవాతి శనివారం మాస్టారు సూటు వేసుకుని వచ్చారు. బూట్లకు పాలిష్ పెట్టారు. వదినగారు వెనక వరసలో, లేస్తే తిన్నగా వంటగదిలోకి వెళ్ళగలిగే కుర్చీలో కూర్చున్నారు. గొట్టపు లైట్లన్నీ వెలుగుతున్నాయి. సినిమా మొదలైంది. మొదలైందని చప్పుడును బట్టి తెలిసింది. తెర మీద పాలలో నీళ్ళు ఒలికినట్టు ఏదో కదులుతోంది.

"పాట వినపడుతోంది, మనిషేదీ?" అన్నారు వదినగారు.

"ఉందండీ. కనపడదు" అన్నాను.

"కుక్క?"

"అదీ ఉంది."

అమ్మాయిల ఆట వచ్చింది. ఏమీ కనపడకపోయినా మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. పిల్లలు విసుగెత్తి నేల మీద పొర్లుతున్నారు. రంపం వాయించడం కూడా అయింది. మాస్టారు మీట మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, "ఇదిగో, వచ్చేస్తోంది" అన్నారు. వెలుతుర్లో ఆపినా ఆవిడకేం కనపడదు. ఆపకపోయినా కనపడదు.

వదినగారు కుర్చీలోంచి లేచారు. వంటగదిలోకి వెళ్ళిపోతున్నారనే అనుకున్నాం. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి టపటపా స్విచ్చులన్నీ ఆర్పేశారు.

చీకట్లో తెర ఒక్కసారిగా బతికింది. చప్పట్లు మోగాయి. మాస్టారు తెర వైపు చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ భార్యనే చూస్తున్నారు. మీట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మూడు సెకన్లు గడిచాయి. ఫిల్ము అయిపోయి, రీలు కొస టపటపమని కొట్టుకుంటోంది.

"చూశావా?" అన్నారు మాస్టారు.

"చూశాను."

"ఎలా ఉన్నాను?"

"తలపాగా వంకరగా ఉంది."

మాస్టారు ఎడమచెయ్యి పొట్ట దగ్గర పెట్టి, తల వాల్చి, చప్పట్లు కొట్టారు. ఈసారి చూపు మాత్రం గోడ పైభాగాన లేదు. "బర్న్ చేయరా అంకుల్?" అని పిల్లలు ఒకటే నస.

ఆ తరవాత ఆయన మళ్ళీ ఆ సినిమా వేయలేదు. ఎవరడిగినా, "చూడాల్సినవాళ్ళు చూశారు" అనేవారు. ఆ ఏడే గిన్నెల మిషను కూడా వచ్చింది.

ఆయన పోయిన నెలకి, ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళాను. వదినగారు పొయ్యి మీంచి టీ దించి రెండు కప్పుల్లో పోశారు. మాటల్లో ఆ శనివారం సంగతి వచ్చింది.

"ఎంత సంతోషించారో ఆ రోజు, మీరు చూశారని" అన్నాను.

"నేనేం చూశాను? కళ్ళద్దాలు వంటగదిలో పునుగుల పిండి పక్కన మర్చిపోయా. తెల్లగా ఏదో కదిలింది."

"మరి తలపాగా వంకరగా ఉందన్నారు?"

"ఆయన టై ఎప్పుడైనా తిన్నగా కట్టారా? తలపాగా తిన్నగా కడతారా!"

నవ్వాం. నవ్వి నవ్వి ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చారు. బొమ్మలు గీసే బల్ల సొరుగులో దొరికిందట. నిండా చిన్న చిన్న కవర్లు. "నువ్వు చదువు. ఆయన నేర్పిందేగా" అన్నారు.

మొదటి కవరు మీద మాస్టారి గుండ్రటి అక్షరాలు. కూడబలుక్కోకుండానే చదివాను. 'చెల్లెమ్మ కోసం ఆపినది.' రెండోది, 'పాస్టర్‌గారి అత్తగారి కోసం.' ఇంకోదాని మీద మా పిల్ల పేరు. ప్రతి కవర్లో కత్తిరించిన ఫిల్ము ముక్క. ఒక్కో బొమ్మ చిటికెన వేలి గోరంత. నడిమి బొమ్మ కాలి బొక్కపడింది, దానికి అటూ ఇటూ ఉన్నవి బాగానే ఉన్నాయి.

వదినగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మాస్టారి భూతద్దం తీశారు. నా పేరిట ఉన్న ముక్కను కిటికీకి ఎత్తిపట్టుకున్నారు. బయట మంచు మీద ఎండ మెరుస్తోంది. చాలాసేపు కదలకుండా చూశారు.

"చెప్పలేదూ? వంకరే" అన్నారు. తరవాత, "ఇంకోటి ఇవ్వు."

"అన్నీ ఒకటే బొమ్మ కదా వదినగారూ?"

"ఒకటెలా అవుతుంది? ఇందులో చేతులు విడిగా ఉన్నాయి. దీని కిందిదాంట్లో కలిశాయి, చూడు." ఆవిడ ఆ ముక్కను భూతద్దం వెనక పైకీ కిందికీ జరిపారు. పైకీ, కిందికీ. నా వైపు చూడకుండానే మళ్ళీ చెయ్యి చాపారు.

ఒక్కో కవరూ విప్పి ఇస్తూ కూర్చున్నాను. డబ్బా సగం కూడా కాలేదు. కప్పుల మీద మీగడ కట్టింది.

"వదినగారూ, టీ చల్లారిపోతోంది."

"ఉండు అమ్మాయ్" అన్నారావిడ, కన్ను భూతద్దం మీంచి తీయకుండా. "నా పాపం ఇంకా అవలేదు."